మౌత్ ఆర్గాన్: తిత్తి ఛాతీలో, మెట్లు నాలుక మీద

వేణువు కొత్తగా పట్టినవాడికి వారం పది రోజులు గాలి చప్పుడు తప్ప స్వరం రాదు. సన్నాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. మౌత్ ఆర్గాన్ అలా కాదు. కోనసీమ తీర్థంలో జీళ్ల కొట్టు పక్కన కొన్న చవక రకమైనా సరే, నోట్లో పెట్టి ఊదితే పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది. ఆ సుళువే కొంప ముంచుతుంది. తప్పుగా ఊదినా మోగుతూనే ఉంటుంది కనక తప్పెక్కడుందో బయటపడదు. పల్లవి వాయించేదాకా అంతా బాగానే ఉన్నట్టుంటుంది. చరణంలో సగానికి వచ్చేసరికి రొప్పు మొదలవుతుంది, మెడ నరాలు తేలతాయి, చివరి పంక్తి గాల్లో కలిసిపోతుంది.

ఈ రొప్పుకి అందరూ చెప్పే కారణం దమ్ము చాలకపోవడం. చాలామటుకు ఇది తప్పు నిర్ధారణ. గోదావరి పాయని అవలీలగా ఈదేసే లంక కుర్రాడు కూడా మౌత్ ఆర్గాన్ మీద నాలుగు పంక్తులు వాయించేసరికి ఆయాసపడతాడు. ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు ఒక్కో శ్వాసకి సుమారు అర లీటరు గాలి తీసుకుని వదులుతారు. ఎంత పీల్చగలిగితే అంత పీల్చి పూర్తిగా వదిలితే మగవాళ్లలో అది నాలుగైదు లీటర్ల దాకా వస్తుంది. మౌత్ ఆర్గాన్ లోపల పలికే లోహపు రేకు, అంటే రీడు, కదలడానికి మామూలు మాట్లాడే ఊపిరి సరిపోతుంది. కాబట్టి కొరత గాలిది కాదు. గాలి ఒకవైపే పోగుపడటమో, ఒకవైపే ఖర్చయిపోవడమో జరుగుతోంది. దానికి తోడు ఇంకో అలవాటు: ప్రతి స్వరానికీ విడివిడిగా ఒక్కో ఊపు ఊపిరి తొయ్యడం. ఉఫ్, ఉఫ్, ఉఫ్ అని దీపాలు ఆర్పుతున్నట్టు వాయించేవాళ్లు ఎనిమిది స్వరాలకి ఎనిమిది శ్వాసల బరువు మోస్తారు.

పద్యనాటకం చూస్తూ పెరిగిన గోదావరి జిల్లాల వాళ్లకి ఈ విషయం హార్మోనియంతో చెబితే తేలిగ్గా అందుతుంది. రెండూ ఒకే జాతి వాయిద్యాలు. రెండింట్లోనూ ఒక కొస బిగించి రెండో కొస వదిలేసిన సన్నటి లోహపు రీడు, గాలి తగిలి ఊగుతూ మోగుతుంది. హార్మోనిస్టు ఎడమ చేతిని గమనించండి. నటుడు పాదం చివర ఎంతసేపు రాగం తీసినా, కుడిచేతి వేళ్లు మెట్ల మీద ఎంత పరుగెత్తినా, తిత్తి కొట్టే చెయ్యి మాత్రం ఒకే తీరున కదులుతూ ఉంటుంది. మెట్టు నొక్కినప్పుడల్లా తిత్తి ఓసారి కొట్టేవాడికి ఆ పీట మీద చోటుండదు. మౌత్ ఆర్గాన్‌లో తిత్తి ఛాతీలో ఉంది, స్వరాన్ని విడగొట్టే వేళ్ల పని నాలుకకి పడింది. ఈ రెండు పనులూ వేరుపడనంత కాలం ఎంత సాధన చేసినా పెరిగేది ఆయాసమే.

పీల్చడమూ సంగీతమే

సన్నాయి, వేణువు, శంఖం, మూడింట్లోనూ బయటికి వెళ్లే గాలే పలుకుతుంది. లోపలికి తీసుకునేది విరామం. అందుకే సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాళ్లు బుగ్గల్లో గాలి నిలవ ఉంచుకుని, దాన్ని బయటికి నొక్కుతూనే ముక్కుతో పీల్చే విద్య నేర్చారు. మౌత్ ఆర్గాన్‌కి ఆ విద్య చాలామటుకు అక్కర్లేదు. పైగా బుగ్గలు పొంగిస్తే ఇక్కడ స్వరం వదులైపోతుంది. ఇందులో పీల్చడం కూడా స్వరమే కాబట్టి విరామం లేదు, విరామం అవసరమూ తక్కువే. చిక్కల్లా ఏ స్వరానికి ఊదాలో, దేనికి పీల్చాలో వాయించేవాడి చేతిలో లేకపోవడం. ఆ వరస వాయిద్యం చేసినవాళ్లే నిర్ణయించేశారు.

అందరూ మొదలుపెట్టే పది కన్నాల రకంలో ఇరవై రీడ్లుంటాయి, కన్నానికి రెండు. ఒకటి ఊదుడుకి, రెండోది పీల్పుకి. సి శ్రుతి వాయిద్యంలో మధ్య స్థాయి ఇలా ఉంటుంది. నాలుగో కన్నం ఊదితే స, పీల్చితే రి. ఐదో కన్నం ఊదితే గ, పీల్చితే మ. ఆరో కన్నం ఊదితే ప, పీల్చితే ద. ఏడో కన్నంలో వరస తిరగబడుతుంది, పీల్చితే ని వస్తుంది, ఊదితే పై షడ్జమం. అంటే ద, ని రెండూ వరసగా పీల్పులే. ఊదు, పీల్చు, ఊదు, పీల్చు అని అలవాటు పడ్డ ఊపిరి ఏడో కన్నం దగ్గరికి రాగానే ఊదేస్తుంది, నిషాదం ఎగిరిపోయి షడ్జమం మోగుతుంది. కొత్తవాళ్లందరూ తడబడే చోటు ఇది.

పైన చెప్పిన స్వరాల వరసే శంకరాభరణం రాగం. దాని ఆరోహణలో నాలుగు ఊదుళ్లు, నాలుగు పీల్పులు. లెక్క సరిపోయింది. అన్ని రాగాలకీ ఇలా సరిపోదు. మోహనం తీసుకుంటే స, గ, ప, పై స ఊదుళ్లు, రి, ద మాత్రమే పీల్పులు. నాలుగు ఖర్చుకి రెండే జమ. నాలుగైదు ఆవృత్తాలు ఆగకుండా వాయిస్తే ఛాతీ ఖాళీ. అదే వాయిద్యంలో రిషభాన్ని షడ్జమం చేసుకుంటే గ్రహభేదం (ఆధార స్వరం మారడం) వల్ల మోహనం కాస్తా మధ్యమావతి అవుతుంది. అప్పుడు నాలుగు పీల్పుతో మొదలై, ఐదు ఊదు, ఆరు ఊదు, ఆరు పీల్చు, ఏడు ఊదు, ఎనిమిది పీల్చు అని మూడుకి మూడు సరిపోతాయి. అవే కన్నాలు, అవే స్వరస్థానాలు, ఊపిరి లెక్క మాత్రం వేరు. గాంధారాన్ని షడ్జమం చేస్తే హిందోళం వస్తుంది, లెక్క మళ్లీ నాలుగుకి రెండుకి దిగిపోతుంది. మధ్యమావతి హాయిగా వాయించి హిందోళంలో ఆయాసపడేవాడు తనకి హిందోళం పట్టుబడలేదని బాధపడనక్కర్లేదు. అక్కడ ఊపిరి బాకీ ఎక్కువ, అంతే.

దీనికి ఎదురు కేసు పంచమాన్ని షడ్జమం చేసుకుని వాయించే పద్ధతి. పాశ్చాత్యుల బ్లూస్ వాయిద్యగాళ్లు ఎక్కువగా వాడేది ఇదే, మన లెక్కలో హరికాంభోజి. రెండో కన్నం పీల్చితే స, మూడో కన్నం పీల్చితే గ, నాలుగు పీల్చితే ప, ఐదు పీల్చితే ని. ముఖ్యమైన నిలకడ స్వరాలన్నీ పీల్పులే. గాలి వచ్చి చేరుతూనే ఉంటుంది, వెళ్లే దారి లేదు. నిండు ఛాతీతో రొప్పడం ఖాళీ ఛాతీతో రొప్పడం కంటే కష్టం. ఎందుకంటే ఆయాసం రాగానే ఒంటికి తోచేది ఇంకా పీల్చడమే. ఇక్కడ కావలసింది వదలడం.

ఇందులోంచి ఒక నియమం వస్తుంది. పాట మొదలుపెట్టే ముందు నిండా గాలి పీల్చుకోకూడదు. ఎత్తుగడ స్వరం ఊదుడైతే ఛాతీ సగానికి కాస్త పైగా నింపుకోవాలి, పీల్పయితే సగానికి కాస్త కిందికి వదిలి సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాత పాట పొడుగునా ఆ నడిమి మట్టం దగ్గరే తిరుగుతుండాలి. పాటకి స్వరం రాసుకునేటప్పుడు ఊదుడుకి, పీల్పుకి వేరువేరు గుర్తులు పెట్టుకుని, పంక్తికి ఎటు మొగ్గు ఉందో లెక్కేస్తే గుక్క ఎక్కడ తిప్పుకోవాలో కాగితం మీదే తెలిసిపోతుంది. గాయకుడు మాట విరిగే చోట గుక్క తిప్పుకుంటాడు. మౌత్ ఆర్గాన్‌కి ఆ చోటే కుదరాలని లేదు. సాహిత్యం చెప్పిన చోటూ ఊపిరి అడిగిన చోటూ కలవనప్పుడు పొడుగు స్వరాన్ని కొస కొంచెం కత్తిరించి, ఆ సందులో ముక్కుతో వదిలెయ్యడం మేలు. మాట మధ్య విరగ్గొడితే వినేవాళ్లు పట్టేస్తారు.

వాయిద్యంలోనే దొంగదారులు కొన్నున్నాయి. పది కన్నాల దాంట్లో రెండో కన్నం పీల్పూ, మూడో కన్నం ఊదుడూ ఒకే స్వరం. ఛాతీ నిండినప్పుడు మూడు ఊదాలి, ఖాళీ అయినప్పుడు రెండు పీల్చాలి. పన్నెండు కన్నాలు, పక్కన బటన్ ఉండే క్రోమాటిక్ రకంలో ఈ వెసులుబాటు ఇంకా ఎక్కువ. బటన్ నొక్కితే ఏ స్వరమైనా అర మెట్టు పెరుగుతుంది కాబట్టి గాంధారం ఊదుతూ నొక్కితే మధ్యమం, నిషాదం పీలుస్తూ నొక్కితే షడ్జమం. స, మ రెండూ అటూ ఇటూ దొరుకుతాయన్నమాట. అయితే ఇదే వెసులుబాటు ఉచ్చుగా కూడా మారుతుంది. సంగీతం మేష్టార్లు సరళీ వరసలు మాయామాళవగౌళలో మొదలుపెడతారు. క్రోమాటిక్ మీద స ఊదు, శుద్ధ రిషభం అదే కన్నం బటన్‌తో ఊదు, గ ఊదు, మ ఊదొచ్చు, ప ఊదు, శుద్ధ ధైవతం మళ్లీ బటన్‌తో ఊదు. నిషాదం దాకా ఒక్క పీల్పూ లేకుండా వెళ్లిపోవచ్చు. వినడానికి జారుడుగా, బాగుంటుంది. రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, వచ్చేసరికి ఛాతీలో ఏమీ మిగలదు. అందుకని మధ్యమాన్ని పట్టుబట్టి పీల్పు మీదే వాయించాలి. మౌత్ ఆర్గాన్ నేర్చుకునేవాళ్లు సరళీ వరసలు ముందు శంకరాభరణంలో సాధన చేసి, తర్వాతే మాయామాళవగౌళకి రావడం మంచిదనిపించేది కూడా ఇందుకే. సంప్రదాయం వేరేలా ఉన్నా వాయిద్యం ధర్మం ఇది.

రెండు దిక్కులూ సమానంగా వచ్చేలా చేసే సాధనల్లో పాతకాలపు రైలు అనుకరణని మించింది లేదు. 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన రాజమండ్రి హేవలాక్ వంతెన మీద ఆవిరి ఇంజన్ల చప్పుడు విన్న పెద్దవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఒకటి, రెండు, మూడు కన్నాలు కలిపి రెండుసార్లు పీల్చాలి, రెండుసార్లు ఊదాలి, మొదటి పీల్పు మీద బరువు పెట్టాలి. స్టేషన్లోంచి కదిలే బండిలా నిదానంగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోవాలి. నాలుగు, ఐదు కన్నాలు కలిపి పీలుస్తూ దోసిలి మూసి తెరిస్తే కూత. పిల్లల ఆటలా కనిపించే ఈ సాధనలో అసలు కిటుకు వేగం పెరిగే కొద్దీ ఊపిరి చిన్నదవడం. వేగంతో పాటు బలమూ పెంచితే బండి పది క్షణాల్లో ఆగిపోతుంది. ఎక్కువసేపు రొప్పుతూ చేస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది. అప్పుడు వాయిద్యం పక్కన పెట్టి మామూలుగా ఊపిరి తీసుకోవాలి, పట్టుదలకి పోయి లాభం లేదు.

ముక్కు దగ్గర దొంగ

స్వరం పీలగా వస్తోందంటే ఎక్కువమంది ఇంకా గట్టిగా ఊదుతారు. అంతకంటే ముందు చూడాల్సింది ముక్కు. నాలుగో కన్నం నిలకడగా ఊదుతూ రెండు వేళ్లతో ముక్కు మూసి చూడండి. ముక్కు మూయగానే స్వరం బలపడితే, అప్పటిదాకా గాలిలో కొంత ముక్కులోంచి పోతున్నట్టే. పీల్పులో కూడా ఇదే పరీక్ష చెయ్యాలి, పీల్పులో కారడం ఇంకా ఎక్కువ. కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి కిందికి దిగి ఉంటే నోటికీ ముక్కుకీ మధ్య దారి తెరిచి ఉంటుంది. బుడగ ఊదేటప్పుడు అది తనంతట తనే పైకి లేచి ఆ దారి మూసేస్తుంది. ఆ మూసిన తీరుని పీల్పులో కూడా నిలుపుకోగలిగితే సగం సమస్య తీరుతుంది.

ఇక్కడ తెలుగు నోటికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మ, న, ణ, సున్న, వీటన్నిటికీ అంగిలి కిందికి దిగాల్సిందే, గాలి ముక్కులోకి పోవాల్సిందే. మన పాటల్లో పాదాల చివర మువర్ణకాలూ సున్నలూ బోలెడు. మనసులో సాహిత్యం పాడుకుంటూ వాయించేవాళ్ల నోరు ఆ అక్షరం దగ్గరికి రాగానే దాన్ని పలకడానికి సిద్ధమైపోతుంది, అంగిలి దిగుతుంది, పంక్తి కొస వెలవెలబోతుంది. కూనిరాగం అలవాటు ఉన్నవాళ్లకి ఈ జబ్బు మరీ ఎక్కువ, కూనిరాగం అంతా ముక్కులోనే కదా. పాట వచ్చాక సాహిత్యం మానేసి, స్వరాలు కూడా మానేసి (అందులోనూ మ, ని ఉన్నాయి) తా, తా అనుకుంటూ వాయిస్తే ఈ కారడం చాలావరకు ఆగిపోతుంది. ముక్కు తలుపు మనం కావాలని తియ్యాల్సింది నిండిన ఛాతీని ఖాళీ చేసుకునే ఆ చిన్న సందులోనే.

తకిట ఎంతవరకు పనికొస్తుంది

ఊపిరి ఆగకుండా నడుస్తుంటే దాన్ని ముక్కలు చేసేది నాలుక. త అనేటప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక తగిలి గాలిని క్షణం ఆపి వదులుతుంది. ఆ ఆపడం ఎంత చిన్నదైతే స్వరాలు అంత కలివిడిగా, ఎంత పెద్దదైతే అంత తెంపుతెంపుగా వినిపిస్తాయి. ద కాస్త మెత్తన, ల మరీ మెత్తన. ఆలాపనలో ల, పాటలో ద, వేగంలో త. వేగం ఇంకా పెరిగితే ఒక్క కొసనే కొడుతూ ఉండటం నాలుకకి సాధ్యం కాదు. అప్పుడు నాలుక వెనక భాగాన్ని కూడా పనిలోకి దింపి త-క, త-క అని రెండు చోట్లా మార్చి మార్చి కొట్టాలి.

ఇది మనవాళ్లకి కొత్త విద్యేమీ కాదు. మృదంగం నేర్చే పిల్లలు, కూచిపూడి అడుగులు నేర్చే పిల్లలు రోజూ నోటితో చెప్పే సొల్లుకట్లలో ఉన్నది ఇదే. మూడుకి తకిట, నాలుగుకి తకధిమి, ఐదుకి తకతకిట, ఏడుకి తకిటతకధిమి. అయితే వీటిని ఉన్నవున్నట్టు వాయిద్యం మీదికి ఎక్కించడం కుదరదు. మి అనాలంటే పెదవులు కలవాలి, వాయిద్యం పెదవుల మధ్య ఉండగా అది జరగదు. జరిగినా గాలి ముక్కులోకి పోతుంది. ధ అనే ఒత్తక్షరంలో ఊపిరి ఒక్కసారి ఎక్కువగా దూసుకొస్తుంది, అంటే ఏ ఊపు మానాలనుకుంటున్నామో అదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి తకధిమి బదులు తకదిగ అనుకోవాలి, ఏడుకి తకిటతకదిగ. తకతకిటకి ఏ మార్పూ అక్కర్లేదు.

కాకినాడలోనో భీమవరంలోనో వీణకి, వయొలిన్‌కి, కీబోర్డుకి నేర్పేవాళ్లని వెతికితే దొరుకుతారు. మౌత్ ఆర్గాన్‌కి గురువు దొరకడం కష్టం, ఎక్కువమందికి ఫోన్లో ఇంగ్లిష్ వీడియోలే దిక్కు. అక్కడ ఒక చిన్న మోసం జరుగుతుంది. ఇంగ్లిష్ వాళ్లు పలికే ఆ మొదటి హల్లు మన చెవికి ట లాగానే వినిపిస్తుంది, టేబుల్‌నీ టైమునీ అలాగే తెచ్చుకున్నాం మరి. దాంతో వీడియో చూసి నేర్చుకున్నవాడు ట-క, ట-క అని నాలుక మడతపెట్టి కొడతాడు. ట కోసం నాలుక కొస వెనక్కి మడిచి అంగిలికి తగిలించి మళ్లీ ముందుకి తేవాలి. దారి ఎక్కువ, వేగం తక్కువ, నోటి లోపలి ఖాళీ మారిపోవడం వల్ల స్వరం మొదట్లో చిన్న తుళ్లింత కూడా. ఎక్కడన్నా ఒక స్వరాన్ని గుద్ది చెప్పాలనుకుంటే ట బాగుంటుంది. పరుగుకి పళ్ల దగ్గరి త మాత్రమే పనికొస్తుంది. తకిటలో చివరి ట వల్ల మూడో స్వరం మీద అక్కర్లేని బరువు పడుతుంటే తకిత అని మార్చుకోవచ్చు, తాళం తప్పదు.

పీల్పులో ఈ హల్లులు పలకడం మొదట్లో వింతగా ఉంటుంది. తెలుగులో మనం మాట్లాడేదంతా గాలి బయటికి వదులుతూనే. ఊరగాయ కారం నషాళానికి అంటినప్పుడు వచ్చే స్స్ లాంటి ఒకటి రెండు శబ్దాలు తప్ప లోపలికి పీలుస్తూ మనం ఏదీ పలకం. అందుకని వాయిద్యం లేకుండా, ఉత్త నోటితో పీలుస్తూ త, త, త అనడం ముందు అలవాటు చేసుకోవాలి. పీల్పులో క ని మాత్రం నమ్మకూడదు. నాలుక వెనక భాగం అంగిలికి దగ్గరగా లేవగానే గాలిదారి ఇరుకై స్వరం కిందికి వంగుతుంది. తక అని వాయిస్తే రెండో స్వరం అపశ్రుతిగా వినపడటానికి కారణం ఇదే. ఊదుడులో త-క, పీల్పులో వీలైనంత వరకు త-ద అనేది సర్దుబాటు. నాలుకతోనే కన్నాలు మూసి పక్కనున్న ఒక్క కన్నాన్ని వదిలే పద్ధతిలో వాయించేవాళ్లకి నాలుక కొస ఖాళీగా ఉండదు, వాళ్లు గొంతులో చిన్న దగ్గు ఆపినట్టు ఆపి వదలడమో, నాలుకని చప్పున కన్నాల మీద చరచడమో చేస్తారు.

గట్టు మీద గాలి, రీడు మీద చిలుము

దుకాణాల్లో చవకగా దొరికేది ఎక్కువగా ట్రెమెలో రకం, పైనా కిందా రెండు వరసల కన్నాలు ఉంటాయి. అందులో ఒక్కో స్వరానికి శ్రుతిలో కొద్ది తేడా పెట్టిన రెండేసి రీడ్లు కలిసి మోగుతాయి, ఆ వణుకు అందుకే. రెండు రీడ్లు కాబట్టి గాలీ ఎక్కువ కావాలి. కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టి ఆయాసం తమ ఊపిరితిత్తుల మీదికి తోసేస్తారు. ఊపిరి సాధనకి పది కన్నాలదే మేలు.

డెల్టా వాతావరణం ఈ వాయిద్యానికి అంత అనుకూలం కాదు. గాలిలో తేమ వల్ల లోపలి ఉమ్మి త్వరగా ఆరదు, ఇత్తడి రీడ్లకి చిలుము పడుతుంది, ఉప్పాడ, అంతర్వేది లాంటి సముద్రపు ఒడ్డున మేకులు తుప్పు పడతాయి. చెక్క లోభాగం ఉన్నవి వానాకాలంలో ఉబ్బి పెదవికి గరుకుగా తగులుతాయి, ఇక్కడికి ప్లాస్టిక్‌వే నయం. వాయించడం అయ్యాక కన్నాలు కిందికి పెట్టి అరచేతిలో నాలుగు దెబ్బలు కొట్టి, ఆరాకే డబ్బాలో పెట్టాలి. ఏటిగట్టు మీద వాయించేవాళ్లు గాలికి వీపు పెట్టి కూర్చుంటే చాలు. ఇంకొకటి, ఆత్రేయపురం పూతరేకో కాకినాడ కాజానో తిని నోరు కడుక్కోకుండా వాయిద్యం ముట్టుకోవద్దు. రీడుకీ పలకకీ మధ్య సందు వెంట్రుకవాసి, పంచదార పాకం చేరితే ఆ స్వరం మూగబోతుంది.

రెండో కన్నం, వంపులు, గమకం

పది కన్నాల మౌత్ ఆర్గాన్ కొన్న ప్రతివాడికీ వచ్చే అనుమానం రెండో కన్నం పీల్పు రీడు చెడిపోయిందని. మూలుగుతుంది, శ్రుతి తగ్గి పలుకుతుంది, ఒక్కోసారి అసలు పలకదు. రీడు దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. గట్టిగా లాగడం వల్ల నాలుక వెనక్కి ముడుచుకుని గొంతు ఇరుకవుతోంది, అంతే. కళ్లజోడు తుడవడానికి అద్దం మీద హా అని ఆవిరి వదులుతామే, గొంతు అప్పుడు ఎలా తెరుచుకుంటుందో అలాగే తెరిచి, అదే ఆకారంతో లోపలికి పీల్చాలి. దవడ కిందికి, నాలుక అడుగుకి. శబ్దం రాకపోతే ఇంకా మెల్లగా పీల్చాలి. గట్టిగా లాగే కొద్దీ రీడు అలిసి కొన్నాళ్లకి నిజంగానే శ్రుతి దిగిపోతుంది.

కొత్తవాడికి తప్పుగా జరిగేదే చెయ్యి తిరిగినవాడికి గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే విద్య. ఒకే కన్నంలో ఊదుడు రీడూ పీల్పు రీడూ ఉంటాయి కాబట్టి నోటి లోపలి ఖాళీ ఆకారం మార్చి పీలిస్తే, రెండు రీడ్లూ కలిసి ఊగి స్వరం కిందికి వంగుతుంది. ట్రెమెలో రకంలో ఒక్కో రీడుకి విడి గది, ఊదుడు రీడూ పీల్పు రీడూ ఒకే గదిలో ఉండవు కాబట్టి అక్కడ ఈ వంపు రాదు. పది కన్నాల దాంట్లో ఒకటి, నాలుగు, ఆరు కన్నాల పీల్పులు అర మెట్టు వంగుతాయి, రెండోది ఒక మెట్టు, మూడోది ఒకటిన్నర మెట్టు. ఐదోది వంగీ వంగనట్టు ఉంటుంది. ఈ అనే ఆకారం నుంచి ఊ వైపు నాలుక మూపుని వెనక్కి జరపడం మొదటి పాఠం. కింది కన్నాలకి మూపు బాగా వెనక, పై కన్నాలకి ముందు. ఎనిమిది నుంచి పది దాకా పీల్పులు వంగవు, ఊదుళ్లు వంగుతాయి.

హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940లో ప్రసారాల నుంచి తప్పించి 1971 దాకా దగ్గరికి రానివ్వకపోవడానికి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, దాని స్వరాలు బిగుసుకుపోయినవని, గమకం పలకదని. ఆ అభ్యంతరం మౌత్ ఆర్గాన్‌కి సగమే వర్తిస్తుంది. స్వరం పైకి జారదు, కిందికే వంగుతుంది. అందుకని కింది నుంచి పైకి పోయే జారు కావాలంటే ముందే వంచి ఉంచి, శబ్దం మొదలుపెట్టి, మెల్లగా వదలాలి. దీనికి ఊపిరి ఒకే బలంతో నడవడం తప్పనిసరి, ఏ కాస్త ఊపు పడినా వంచిన స్వరం జారిపోతుంది. నాలుక కూడా ఇక్కడ తప్పుకోవాలి, త తగిలితే జారు తెగుతుంది.

ఏ రాగానికి ఇది ఎంత దక్కుతుందనేది కన్నాన్ని బట్టి తేలిపోతుంది. ఒకటో కన్నం పీల్పుని షడ్జమం చేసుకుని కింది స్థాయిలో ఖరహరప్రియ వాయిస్తే, సాధారణ గాంధారం రెండో కన్నం పీల్పు పూర్తిగా వంచినప్పుడు వస్తుంది, వదిలితే శుద్ధ మధ్యమం. గాంధార మధ్యమాల మధ్య ఊపు మొత్తం ఒకే కన్నంలో, ఒకే పీల్పులో దొరుకుతుంది. తోడి రాగానికి ఆ అదృష్టం లేదు. రెండో కన్నం ఊదుడుని షడ్జమం చేసుకుంటే తోడి గాంధారం అదే కన్నంలో వంచని పీల్పు. అక్కడి నుంచి పైకి వెళ్లే దారి లేదు, మధ్యమం పక్క కన్నంలో ఉంది. పక్కనున్న మూడో కన్నాన్ని ఎంత వంచినా గాంధారం దాకా దిగదు, అర మెట్టు పైనే ఆగిపోతుంది. పై స్థాయిలో వాయిద్దామంటే గాంధారం ఆరో కన్నం ఊదుడవుతుంది, అది అసలు వంగదు. తోడి స్వరాలన్నీ ఈ వాయిద్యంలో ఉన్నాయి గానీ, తోడి వాయించాలనుకునేవాళ్లు వేణువు కొనుక్కోవడమే దారి.